చేతిలోంచి పలక మీదికి

(శేరిగూడలో పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేడం, మీరు సర్వీసంతా చిన్న తరగతులకే చెప్పారు కదా, ఆ అనుభవం మీద మాట్లాడండి" అన్నారు. ముప్పై ఏళ్ల పైచిలుకు అనుభవం ఒక సభలో చెప్పలేను. అందుకని ఒక్క విషయమే ఎంచుకున్నాను. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలకు లెక్కలు ఎలా వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నదే ఆ విషయం. మన సంఘం బడికి స్వర్ణోత్సవ కానుకగా ఏమివ్వాలని ఆలోచిస్తోంది కాబట్టి, చివర్లో దాని గురించి కూడా ఒక మాట మనవి చేస్తాను.

మన శేరిగూడలో సాగర్ రోడ్డు మీద నిలబడితే ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు వరసగా కనిపిస్తాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ చదువుకుంటున్నారు. ఆ గేటుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మన పిల్లల్లో ఎంతమంది లోపలికి వెళ్తారన్నది ఇంటర్లోనో, ఎప్‌సెట్లోనో తేలుతుందని అనుకుంటాం. నా అనుభవంలో అది చాలా ముందే, రెండో తరగతి, మూడో తరగతి తీసివేతల దగ్గరే సగం తేలిపోతుంది. అక్కడ అర్థం కాని పిల్లవాడు నాలుగులో భాగహారాన్ని, ఐదులో భిన్నాలను, ఏడులో బీజగణితాన్ని గుడ్డిగా మోస్తాడు. తొమ్మిదికి వచ్చేసరికి "నాకు లెక్కలు రావు" అని తనే తీర్పు చెప్పేసుకుంటాడు.

అసలు లెక్క రావడం అంటే ఏమిటి? ఒకటో తరగతి పిల్లవాడు ఒకటి నుంచి వంద దాకా గడగడా చెబితే వచ్చిన చుట్టాలందరూ మురిసిపోతారు. అదే పిల్లవాడి ముందు చింతగింజల కుప్ప పోసి "ఏడు ఇవ్వు నాన్నా" అని అడగండి. కొందరు గుప్పెడు తీసి ఇస్తారు. కొందరు లెక్కపెడుతూ ఏడు దాటి పోతూనే ఉంటారు, ఎక్కడ ఆగాలో తెలియదు. వాళ్లకు వచ్చింది పాట. పాట కూడా కావాల్సిందే, కానీ లెక్కలో దాంతోపాటు ఇంకా రెండు ఉండాలి. ఒక్కో గింజకు ఒక్కో మాట పడాలి, ఒక గింజను రెండుసార్లు లెక్కపెట్టకూడదు, ఒకటి వదలకూడదు. ఇక చివరగా పలికిన మాట ఆ ఒక్క గింజ పేరు కాదనీ, మొత్తం కుప్ప లెక్క అనీ తెలియాలి. ఏడు గింజలు లెక్కపెట్టించి, వాటిని కొంచెం ఎడంగా జరిపి "ఇప్పుడెన్ని?" అని అడగండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే పిల్లకు ఏడు అన్న సంఖ్య ఇంకా గట్టిపడలేదన్నమాట. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే ఇలాంటి ప్రయోగాలే చేసి, చిన్నపిల్లలు వరుస పొడవు పెరిగితే వస్తువులు కూడా పెరిగాయనుకుంటారని చెప్పారు. అది తెలివితక్కువ కాదు, వయసు. గింజలను పదిసార్లు పరిచి, కుప్పచేసి, మళ్లీ పరిచినప్పుడు ఆ పిల్లే మన ముఖం చూసి "జరిపిండ్రు అంతే టీచర్, ఏడే ఉన్నయి" అంటుంది. ఆ మాట తనంతట తాను అనేదాకా నేను 8 జోలికి వెళ్లేదాన్ని కాదు.

రెండో మెట్టు పది. చిన్న తరగతుల లెక్కలన్నిటికీ ఇదే ఇరుసు. నా తరగతిలో ఎప్పుడూ చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఉండేవి. పది పుల్లలు కాగానే కట్ట కట్టాలి, అది తప్పని నియమం. ముప్పై రెండు అంటే మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. పుల్లలు విరిగినా, ఎవరో బ్యాండు జడకు పెట్టుకుపోయినా ఫర్వాలేదు. పిల్ల తన చేత్తో పది లెక్కపెట్టి కట్టడమే పాఠం. మనం ముందే కట్టలు కట్టి ఇస్తే ఆ పాఠం మనకే వస్తుంది, పిల్లకు రాదు.

ఇక్కడ మన తెలుగు చాలా సాయం చేస్తుంది. ఇరవై ఒకటి, ముప్పై రెండు, నలభై ఐదు. ముందు పదులు, తర్వాత ఒకట్లు. మాటలోనే కట్టలూ పుల్లలూ వరుసగా ఉన్నాయి. పన్నెండు, పందొమ్మిది లాంటివి కొంచెం దాచుకున్నా, పదమూడులో పదీ మూడూ వినపడుతూనే ఉంటాయి. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వస్తుంది, పది వెనక వస్తుంది. అందుకే పదమూడును 31 అని రాసే పిల్లలు కనిపిస్తారు. థర్టీన్‌కూ థర్టీకీ తేడా చెవికి అందక తికమకపడేవాళ్లు ఇంకా ఎక్కువ. మన దగ్గర ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇంకో చిక్కు. ఇరవై తొమ్మిదిని ఉన్‌తీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. అక్కడ ఇరవై వినపడదు, తొమ్మిదీ వినపడదు. 2022–23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి. మీడియం మంచీ చెడూ ఇప్పుడు నేను మాట్లాడటం లేదు. కట్టలు చేతిలో పెట్టుకుని ముందు ఇంటి భాషలో "ఒక పది, మూడు" అనిపించి, తర్వాత థర్టీన్ అనిపిస్తే పిల్లకు రెండూ వస్తాయి. వస్తువు లేకుండా మాట మీద మాట పెడితే రెండూ జారిపోతాయి.

కట్టల తర్వాతే అంకెలు. ముప్పై రెండును 302 అని రాసే పిల్లలను మీరందరూ చూసే ఉంటారు. వాళ్లు విన్నది విన్నట్టు రాస్తున్నారు. ముప్పై రాశారు, పక్కన రెండు రాశారు. దీనికి రెండు అట్టముక్కలు చాలు. ఒక వెడల్పు అట్ట మీద 30, సగం వెడల్పు అట్ట మీద 2. చిన్న అట్టను పెద్ద అట్ట సున్నా మీద కప్పితే 32. అట్ట తీసి చూస్తే సున్నా కిందే ఉంది. "సున్న ఎక్కడికీ పోలె టీచర్, దాక్కుంది" అని ఒక పిల్ల అన్నది. స్థానవిలువ గురించి నేను చదివిన పుస్తకాలలో ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేదు.

ఇక తీసివేతకు వద్దాం. 32లోంచి 15 తీసేయమంటే చాలామంది 23 అని రాస్తారు. రెండులోంచి ఐదు పోదు కాబట్టి ఐదులోంచి రెండు తీసేస్తారు. అప్పుడు మనం "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటాం. తెచ్చుకున్నది ఒకటి అంటాం, రాయించేది పది. అప్పు అంటాం, ఎన్నడూ తిరిగి ఇవ్వం. పిల్లకు ఏం అర్థం కావాలి? కట్టలతో చేస్తే ఆ అప్పు అవసరమే లేదు. మూడు కట్టలు, రెండు పుల్లలు ఉన్నాయి. ఐదు పుల్లలు ఇవ్వాలి, విడిగా రెండే ఉన్నాయి. ఏ పిల్లనైనా అడగండి, "కట్ట ఇప్పుదాం" అంటుంది. విప్పితే పన్నెండు విడి పుల్లలు, రెండు కట్టలు. ఐదు ఇస్తే ఏడు, ఒక కట్ట ఇస్తే ఇంకో కట్ట మిగిలింది. పదిహేడు. పది రూపాయల నోటుతో కూడా ఇది చెప్పొచ్చు, కానీ ముందు కట్ట, తర్వాతే నోటు. కట్టలో పది కంటికి కనిపిస్తాయి. నోటులో పది ఉందని నమ్మాలి. అంకెలో అదీ ఉండదు, అది ఏ స్థానంలో కూర్చుందో చూసి ఊహించుకోవాలి.

ఇంకో సంగతి. తీసివేతలో 23 అని రాసే పిల్లే సాయంత్రం అమ్మతో కూరగాయల దగ్గర కూర్చుని, పదిహేను రూపాయల టమాటకు యాభై ఇస్తే ముప్పై ఐదు టక్కున లెక్కపెట్టి ఇస్తుంది. పదిహేనుకు ఐదు కలిపి ఇరవై, ఇరవైకి ముప్పై కలిపి యాభై. తన లెక్క తనకుంది. బడి లెక్కకూ ఆ లెక్కకూ దారి లేదు, అంతే. ఇది నేనొక్కదాన్నే చెప్పే మాట కాదు. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో రాశారు. బజారులో చిక్కు లెక్కలు నోటితో చేసే పిల్లలు అదే స్థాయి లెక్క కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి లెక్క చేయగలిగిన పిల్లల్లో చాలామంది బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. వెనకటికి బ్రెజిల్‌లో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద చేసిన పరిశోధనలో కూడా ఇదే తేలింది. అంటే చేతిలో లెక్క ఉన్నంత మాత్రాన పలక మీదికి దానంతట అది రాదు. ఆ దారి టీచరు వేయాలి.

నేను ఈ రోజు చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. చేతితో చేయించడం మొదటి సగం. చేసింది నోటితో చెప్పించడం, చెప్పింది బొమ్మగా గీయించడం, గీసింది అంకెల్లో రాయించడం రెండో సగం. కట్ట విప్పిన వెంటనే, పుల్లలు ఇంకా నేల మీద ఉండగానే, పక్కనే పలక మీద 32లోని 3ను కొట్టి 2 చేయించాలి. "ఈ గీత ఎందుకు కొట్టినవు?" అని అడిగితే పిల్ల విప్పిన కట్ట వైపు వేలు చూపించాలి. అలా చూపించగలిగితే వచ్చినట్టే. కొన్ని వారాలయ్యాక పుల్లలు అక్కర్లేదంటుంది. అప్పుడు మనం బలవంతాన ఇవ్వకూడదు.

దీనికి కొనాల్సిన సామాను పెద్దగా లేదు. మన ఆటల్లోనే బోలెడుంది. అష్టాచెమ్మ తీసుకోండి. నాలుగు గవ్వలు వేయగానే మూడు వెల్లకిలా పడ్డాయని లెక్కపెట్టకుండానే చూపుతో చెప్పడం వస్తుంది. కాయ జరిపేటప్పుడు కొందరు పిల్లలు కాయ ఉన్న గడినే ఒకటి అని లెక్కపెడతారు. సంఖ్యారేఖ మీద కూడా సరిగ్గా అదే తప్పు చేస్తారు. ఆటలో అయితే ఎదుటి పిల్ల ఊరుకోదు, "తొండి, తొండి" అని అప్పుడే సరిచేస్తుంది. వామనగుంటల్లో రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గుంటకు ఐదేసి గింజలు పోయాలంటే ఎన్ని గింజలు తేవాలి? ఒక వరుసకు ముప్పై ఐదు, రెండు వరుసలకు డెబ్బై. ఐదో ఎక్కం అవసరపడి వచ్చిందన్నమాట. ముగ్గు చూడండి. ఐదు చుక్కలు, మూడు వచ్చేదాకా సందు చుక్క. మొత్తం ఎన్ని? మూడు, నాలుగు, ఐదు, నాలుగు, మూడు. పంతొమ్మిది. "పైనా కిందా ఏడేసి, నడుమ ఐదు" అని ఒక పిల్ల చెబితే, ఆ పిల్ల కూడికను తనకు అనువుగా మార్చుకోవడం నేర్చుకుంది. ఇంట్లో పాత సోల, తవ్వ, మానిక ఉంటే బడికి పంపండి. ఇసుక పోసి చూస్తే రెండు సోలలు తవ్వెడు, రెండు తవ్వలు మానెడు. రెట్టింపు, సగం, పావు అన్న మూడు మాటలూ అక్కడే తెలుస్తాయి. పావు అన్నది భిన్నాల పాఠంలో కొత్తగా పుట్టిన మాట కాదు, కిరాణా దుకాణంలో రోజూ అనే మాట.

ఇదేదో నేను కనిపెట్టినది కాదు. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా కొన్నేళ్లు మన దేశంలోనే ఉండిపోయి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పూసల సామగ్రిలో ఒక పూస, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం ఉంటాయి. మన చీపురు పుల్లల కట్ట దానికి పేద చెల్లెలు. నా తరం టీచర్లకు ఏపీపెప్ గుర్తుంటుంది. 1980ల చివర, 1990ల మొదట బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అది. చేసి నేర్చుకోవడం, గుంపులుగా పని చేయడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడకు పెట్టడం వంటి ఆరు సూత్రాలు మాకు కంఠతా వచ్చేవి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్లు ఒకే టీచరుండే పల్లె బడుల కోసం కార్డులతో, మెట్ల పట్టికతో ఒక పద్ధతి తయారు చేశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే ముందుకు వెళ్తుంది. చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు 2003లో అక్కడికి వెళ్లి నేర్చుకున్నారు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది, 2022–23లో మన రాష్ట్రంలో తొలిమెట్టు మొదలైంది. రెండింటి మాటా ఒకటే, పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు ముందే గట్టిపడాలి.

మరి ఇన్ని పథకాలు వచ్చినా తీసివేత దగ్గర పిల్లలు ఎందుకు ఆగుతున్నారని మీరు అడగొచ్చు. నేను చూసినవి చెబుతాను. ఒకటి, సామగ్రి బీరువాలో ఉంటుంది. పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో తాళం వేస్తారు, ఇన్‌స్పెక్షన్ రోజు దుమ్ము దులుపుతారు. చింతగింజలకు ఆ భయం లేదు. రెండు, ఆట ఆటగానే ముగుస్తుంది. పిల్లలు సంతోషంగా గంతులేస్తారు, ఫొటో తీస్తారు, పలక మీదికి మాత్రం ఏమీ రాదు. మూడు, అన్నిటికంటే పెద్దది, చేతులు చాలవు. ఒక టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో చూస్తున్నప్పుడు, ఒక్కో పిల్ల కట్ట కట్టే తీరును పక్కన కూర్చుని చూడడం ఎలా కుదురుతుంది?

తల్లిదండ్రుల నుంచి కూడా ఒక మాట వస్తుంది. "బడికి పంపితే పుల్లలు, గింజలతో ఆడిస్తున్నరు, ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకే వంద దాకా రాయిస్తున్నరు" అంటారు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. కూలికి వెళ్లి వచ్చి పిల్ల నోటుబుక్కు తెరిచి చూసే తల్లికి నిండిన పేజీ ఒక భరోసా. ఆ తల్లికి నేను పేజీ చూపించేదాన్ని కాదు, పిల్లను పిలిచి "అమ్మకు ముప్పై రెండులోంచి పదిహేను తీసి చూపించు" అనేదాన్ని. పిల్ల కట్ట విప్పి, లెక్క చేసి, పలక మీద రాసి చూపించాక ఇక ఏ తల్లీ నన్ను అడగలేదు.

ఇప్పుడు కానుక సంగతి. చిన్న తరగతులకు కూడా పెద్ద డిజిటల్ బోర్డు ఇద్దామని సంఘంలో చాలామంది అనుకుంటున్నారు. మంచి ఆలోచనే, పై తరగతులకు తప్పక ఇవ్వండి. మూడో తరగతి లోపు పిల్లలకు మాత్రం తెర మీద కదిలే పుల్లలు వద్దని నా మనవి. ఆ పుల్లలను తెర కడుతుంది, తెరే విప్పుతుంది. పిల్ల చూస్తూ కూర్చుంటుంది. వాళ్లకు మీ సమయం కావాలి.

నేను అడిగేది ఇది. ప్రతి శనివారం ఒక గంట, మన పూర్వ విద్యార్థులు ఇద్దరు వంతుల ప్రకారం బడికి రండి. పాఠం చెప్పొద్దు, అది టీచరు పని. టీచరు చెప్పినట్టు నలుగురు పిల్లల పక్కన నేల మీద కూర్చోండి. కట్ట కడుతుంటే చూడండి, "ఎందుకట్ల చేసినవు?" అని అడగండి, జవాబు చెప్పేదాకా ఓపిక పట్టండి. మీరే చెప్పేయకండి, అన్నిటికంటే కష్టం అదే. మన పక్కనున్న కాలేజీల విద్యార్థులను కూడా పిలుద్దాం. రేపటి ఇంజనీర్లు రెండో తరగతి పిల్లకు పది అంటే ఏమిటో చూపిస్తే వాళ్లకూ మంచిదే. ఏడాది చివర ప్రతి పిల్లనూ మూడే అడుగుదాం. కుప్పలోంచి పదిహేడు గింజలు ఇవ్వమందాం. నలభై ఐదును కట్టలతో చూపించి రాయమందాం. 32లోంచి 15 తీసి, ఎలా చేసిందో చెప్పమందాం. ఎంతమంది చేశారో వచ్చే వార్షికోత్సవంలో ఈ వేదిక మీదే కార్యదర్శి గారు చదవాలి. సంఘం ఖాతాలో ఎంత ఉందో చదివినట్టే ఇదీ చదవాలి.

రిజిస్టరు అక్కడ బల్ల మీద పెట్టించాను. భోజనాలకు వెళ్లేముందు, నెలకు ఒక్క శనివారం ఇవ్వగలిగినవాళ్లు పేరు రాయండి. మొదటి పేరు నాది రాశాను. చింతగింజలు మీ ఇంట్లో ఉంటే అవీ తెండి, ఈ ఏడు చింతపండు కొట్టినవాళ్లు పారేయకండి.